చేపలూ కప్పలూ ఒకే తొట్టిలో: ఒక వైద్యుని అనుభవం



మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు – సాధారణంగా నేను రాసే విషయాలు ఇవే. ఈసారి ఒక తొట్టి గురించి రాస్తున్నాను. అందులో సగం నేల, సగం నీరు. నేల మీద మొక్కలు, నీటిలో చేపలు, గట్టున కప్పలు. ఇటువంటివి ఇంట్లో పెట్టుకోవాలని పిల్లలు ముచ్చటపడుతున్నారు, పెద్దలు కొని ఇస్తున్నారు. ఇందులో ఆరోగ్యానికి సంబంధించిన సంగతులు కొన్ని ఉన్నాయి. నేను స్వయంగా చేసిన తప్పులు కూడా రెండున్నాయి. ఒకటి నిరుటిది, రెండవది సుమారు నలభై ఏళ్ల కిందటిది. మీకు అవి ఉపయోగపడవచ్చునని చెబుతున్నాను.

ఉద్యోగ విరమణ తరువాత నేనూ మా ఆవిడా పెద్దమండ్యంలోని పాత ఇంటికి వచ్చి స్థిరపడ్డాము. పెరటిలో వేపచెట్టు కింద ఒక రాతి కుడితి తొట్టి ఉన్నది. పశువులను అమ్మివేసిన నాటినుంచి అది ఖాళీగానే పడి ఉండేది. లోపలి కొలత నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. నిరుడు వేసవి సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మా మనవరాలు, పదేళ్ల పిల్ల, తండ్రి ఫోనులో ఒక బొమ్మ చూపించి "తాతా, ఇలాంటిది మనం చేద్దామా?" అని అడిగింది. అద్దాల పెట్టెలో చిన్న కొండ, కొండ మీద నాచు, కింద కొలను, కొలనులో చేపలు, రాతి మీద కూర్చున్న ఆకుపచ్చ కప్ప. అద్దాల పెట్టె ఎందుకు, మన తొట్టి ఉన్నది కదా అన్నాను. డెబ్బై దాటినవాడికి పిల్లలతో కలిసి మట్టి పిసికే అవకాశం మళ్లీ మళ్లీ రాదు.

తొట్టిలో ఒక వైపు పెద్ద రాళ్లు, వాటి వెనుక పాత ఇంటి పెంకుల ముక్కలు, ఆపైన ఇసుక, ఎర్రమన్ను వేసి గట్టు కట్టాము. గట్టు నీటిలోకి నిట్టనిలువుగా దిగకుండా ఏటవాలుగా ఉండేలా చూశాము. మీరు అద్దాల పెట్టెలో చేసినా, సిమెంటు తొట్టిలో చేసినా ఈ ఏటవాలు మాత్రం మరువకండి. తోకకప్పకు కాళ్లు వచ్చి తోక కరిగే రోజులలో మొప్పలు పోయి ఊపిరితిత్తులు పని మొదలుపెడతాయి. నిన్నటిదాకా ప్రాణం నిలిపిన నీటిలోనే, ఆనాడు ఎక్కడానికి గట్టు దొరకకపోతే అది మునిగి చనిపోతుంది. మన ఇళ్ల ముందు కట్టుకునే సిమెంటు సంపులలో పడి చచ్చిన కప్పలను చూసే ఉంటారు. ఈత రాక కాదు, పైకి ఎక్కే దారి లేక. ఒక మూల నాలుగు ఇటుకలు మెట్లలాగా పేర్చి ఉంచితే చాలు.

మొక్కల కోసం ఎక్కడికీ పోలేదు. పొన్నగంటి కూర, తుంగ, ఒక చేమదుంప గట్టున నాటాము. ఇంట్లో సీసాలో పెరుగుతున్న మనీప్లాంటు తీగను వేళ్లు నీటిలో మునిగేలా రాళ్ల మధ్య దోపాము. చూడడానికి సామాన్యమే గాని నీటిలోని మలినాన్ని పీల్చుకోవడంలో దానిది గట్టి చేయి. ఒక్క పొరపాటు జరిగింది. పొన్నగంటి తీగలు తెచ్చినది ఒక టమోటా తోట పక్క కాలువ గట్టు నుంచి. మదనపల్లె మార్కెట్టుకు టమోటా పండించే పల్లెలలో మందుల పిచికారీ ఎంతగా జరుగుతుందో నాకు తెలియనిది కాదు. పురుగుమందు తాగినవారికి, పిచికారీ చేస్తూ సొమ్మసిల్లినవారికి అట్రోపిన్ సూదులు వేస్తూ ఎన్ని రాత్రులు గడిపానో లెక్కలేదు. అయినా ఆ తీగలను సరాసరి తెచ్చి నాటబోయాను. మా ఆవిడ చూసి "కూరకైతే నాలుగుసార్లు కడుగుతాము, చేపలకు అక్కరలేదా?" అన్నది. కడిగి, రెండు వారాలు వేరే బక్కెటులో, రోజు మార్చి రోజు నీళ్లు మారుస్తూ ఉంచి, అప్పుడు నాటాము.

నీళ్లు పోసిన రోజే చేపలు వదలాలని పిల్ల పట్టుబట్టింది. వీల్లేదన్నాను. ఇక్కడ కొంచెం వైద్యం చెప్పాలి.

మాంసకృత్తులు తినే ప్రతి ప్రాణికీ అమ్మోనియా అనే విషాన్ని వదిలించుకోవలసిన పని ఉన్నది. మన కాలేయం దానిని యూరియాగా మారుస్తుంది, మూత్రపిండాలు బయటికి పంపుతాయి. నేల మీద బతికే కప్పదీ ఇంచుమించు ఇదే పద్ధతి. చేపకు అంత శ్రమ లేదు. అమ్మోనియాను మొప్పల ద్వారా నేరుగా నీటిలోకి వదిలివేస్తుంది. తోకకప్పదీ అంతే. ఏటిలో అయితే అది కొట్టుకుపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? రాళ్ల మీద, ఇసుకలో మెల్లగా పెరిగే ఒక రకం సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మారుస్తాయి. మరొక రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. దానిని మొక్కలు తీసుకుంటాయి. తొట్టికి ఈ సూక్ష్మజీవులే మూత్రపిండాలు. అవి నెలకొనడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అంతలోపల చేపలను వదలడం, మూత్రపిండాలు పనిచేయని రోగికి డయాలిసిస్ లేకుండా విందు పెట్టడం వంటిది.

నైట్రైటు చేసే హాని వైద్యులకు బాగా పరిచయమైనదే. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని మెథీమోగ్లోబిన్‌గా మార్చుతుంది. చేప రక్తం ఎర్రదనం పోయి గోధుమరంగు తిరుగుతుంది. నీటిలో ఎంత గాలి ఉన్నా అది పైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. మనుషులలో ఇదే జబ్బు, నైట్రేటు ఎక్కువగా ఉన్న బావినీళ్లతో పాలపొడి కలిపి పట్టిన ఆరు నెలలలోపు శిశువులకు వస్తుంది. బిడ్డ నీలంగా మారుతుంది. మన తాగునీటి ప్రమాణాలలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని పెట్టినది ఇందుకే. పెంటదిబ్బల పక్క, ఎరువులు ఎక్కువగా వేసే పొలాల మధ్య ఉన్న బోరునీళ్లు తాగేవారు ఒకసారి పరీక్ష చేయించుకోండి. చేపల కోసం మొదలుపెట్టి ఎక్కడికో వచ్చాననుకోకండి, ఈ నీళ్లూ ఆ నీళ్లూ ఒకటే.

మరొక మాట. పంచాయతీ కుళాయి నీటిలో బ్లీచింగ్ పౌడరు కలుపుతారు. మనకు మంచిదే. చేప మొప్పలకూ, కప్ప చర్మానికీ, ఇప్పుడు చెప్పిన సూక్ష్మజీవులకూ అది మంట. వెడల్పు పాత్రలో పట్టి ఒకటి రెండు రోజులు ఎండలో ఉంచిన నీళ్లే తొట్టిలో పోయండి.

మూడు వారాలు దాటాక మదనపల్లె నుంచి పన్నెండు గప్పీ చేపలు తెచ్చి వదిలాము. దోమ పిల్లలను ఇష్టంగా తింటాయి, చౌక, ఎండకు తట్టుకుంటాయి. పిల్లను తీసుకువెళ్లడానికి వచ్చిన మా అబ్బాయి బెంగళూరులోని ఒక దుకాణం నుంచి ప్లాస్టిక్ సంచిలో ఒక కప్పను పట్టుకు వచ్చాడు. పాలలాగా తెల్లగా, ఎర్రటి కళ్లతో, రెండంగుళాల పొడవున ఉన్నది. "చేపలతో కలిసి ఉంటుంది, ఇబ్బంది లేదు" అని దుకాణదారు చెప్పాడట. మా మనవరాలి సంతోషం చెప్పనలవి కాదు. మరునాడు వాళ్లు వెళ్లిపోయారు. ఆ కప్ప రాతి మీద కూర్చున్న ఫోటో తీసి పంపే బాధ్యత నాకు అప్పగించింది.

కప్ప రాతి మీద కూర్చోలేదు. ఒక వారం చూశాను. గట్టు వంకకే రాదు. ఎప్పుడూ నీటి అడుగునే, శ్వాసకు మాత్రం ఒక్క క్షణం పైకి వచ్చి మళ్లీ కిందికి. ఈలోగా గప్పీలు ఏడయ్యాయి. పిల్లి పని అని మా ఆవిడ, కొంగ పని అని నేను. నాలుగయ్యాక రాత్రి పది గంటలకు టార్చిలైటు పట్టుకొని కూర్చున్నాను. తెల్ల కప్ప కదలకుండా నీటిలో వేలాడుతున్నది. ఒక గప్పీ దాని ముఖం ముందునుంచి పోయింది. రెండు ముందుకాళ్లూ చేతుల్లాగా ఎత్తి దానిని నోటిలోకి తోసుకున్నది. కప్పకు నాలుక ఉండాలి కదా, నాలుకతో కదా పట్టాలి! అప్పుడు దాని వెనుక కాళ్లు చూశాను. వేళ్లలో మూడింటికి గోళ్లు ఉన్నాయి.

అది ఏమిటో అప్పుడు తట్టింది. దక్షిణ ఆఫ్రికా గోళ్ల కప్ప, జెనోపస్. తిరుపతి వైద్య కళాశాలలో చదువుకున్న రోజులలో పుస్తకంలో బొమ్మ చూశాను. నాలుక లేని కప్ప, నేలతో పని లేని కప్ప. నోట పట్టినదల్లా తింటుంది. ఆ జాతికి వైద్యశాస్త్రం చాలా రుణపడి ఉన్నది. ఇప్పుడు మందుల దుకాణంలో దొరికే గర్భనిర్ధారణ పట్టీలు లేని కాలంలో, 1930 ప్రాంతంలో హాగ్బెన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన పరీక్ష ఉండేది. స్త్రీ మూత్రాన్ని ఈ ఆడ కప్ప చర్మం కిందికి ఎక్కిస్తే, ఆమె గర్భవతి అయితే కప్ప కొన్ని గంటలలో గుడ్లు పెడుతుంది. పరీక్షల కోసమే ఈ కప్పలను వేల సంఖ్యలో దేశదేశాలకు ఓడలలో పంపారు. మేము చదువుకొనే నాటికి ఆ పరీక్ష వెనుకబడిపోయింది గాని పరీక్షలలో ప్రశ్నగా మాత్రం మిగిలి ఉండేది.

ఇక మన దేశపు కప్పలతో మా అనుబంధం వేరు. శరీరధర్మశాస్త్రం ప్రయోగశాలలో కప్ప కండరం, దాని నరం, మసి పట్టించిన డ్రమ్ము మీద గీతలు – ఆనాటి వైద్య విద్యార్థి ఎవరిని అడిగినా చెబుతారు. ఆటో లోవీ 1921లో చేసిన ప్రయోగం కూడా కప్ప గుండెలతోనే. ఒక గుండె నరాన్ని ప్రేరేపించి దాని వేగం తగ్గించాడు. ఆ గుండె మునిగి ఉన్న ద్రవాన్ని తీసి మరో గుండెకు పోస్తే అదీ నెమ్మదించింది. నరాలు రసాయనాలతో మాట్లాడుకుంటాయని లోకానికి తెలిసినది అలా. 1936లో నోబెల్ వచ్చింది. ఒకే ద్రవంలో ఉన్న రెండు ప్రాణాలలో ఒకదాని నుంచి వెలువడినది రెండవదానికి తగలక తప్పదని ఇరవై ఏళ్ల వయసులో చదివి, డెబ్బై నాలుగేళ్ల వయసులో ఒకే తొట్టిలో ఏది పడితే అది వేశాను.

తినివేయడం కన్నా పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. శ్వాసలో కొంత భాగం కూడా చర్మంతోనే. రక్తంలోని సోడియం, పొటాషియం నిలకడగా ఉండటానికీ చర్మమే కాపలా. కైట్రిడ్ అనే ఒక శిలీంధ్రం సరిగ్గా ఆ చర్మం మీదనే పెరుగుతుంది. చర్మం మందమైపోయి లవణాలు జారిపోతాయి, చివరకు గుండె ఆగిపోతుంది. వాంతులు విరేచనాలతో పొటాషియం పడిపోయిన రోగి గుండె ఆగడం ఎలా ఉంటుందో చూసినవాడిని గనుక నాకు ఇది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. 2019లో వెలువడిన అంచనా ప్రకారం ఈ శిలీంధ్రం వల్ల ప్రపంచంలో 501 జాతుల ఉభయచరాలు క్షీణించాయి. వాటిలో 90 జాతులు పూర్తిగా అంతరించినట్లే. గోళ్ల కప్ప దీనిని మోస్తూ కూడా తాను జబ్బు పడకుండా తిరగగలదు. మనుషులలో టైఫాయిడ్ వాహకుల వంటిది. ఈ శిలీంధ్రం మొదట ఎక్కడ పుట్టిందన్న దానిపై ఆఫ్రికాను అనుమానించారు, తరువాతి జన్యు పరిశోధనలు తూర్పు ఆసియాను చూపాయి. లోకమంతా చుట్టినది మాత్రం మనుషులు కప్పలను అటూ ఇటూ మోయడం వల్ల. నా తొట్టిలోని కప్పకు అది ఉన్నదో లేదో బయటికి చూసి చెప్పలేము. ఆ నీళ్లు పారబోస్తే పారేది ఎక్కడికి? పెరటి కాలువ, కాలువ నుంచి కుంట, కుంటలో మన కప్పలు.

మర్నాడే దానిని తీసి వేరే ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాను. తొట్టి ఖాళీ చేసి, రాళ్లు బ్లీచింగ్ నీటిలో నానబెట్టి, ఎండబెట్టి, మొక్కలు కొత్తవి నాటి, మళ్లీ నాలుగు వారాలు ఆగాను. టబ్బు నీళ్లకు ఇప్పటికీ బ్లీచింగ్ కలిపి, ఒక రాత్రి ఉంచి, ఎండిన నేల మీద పోస్తాను.

ఫోనులో మనవరాలికి చెప్పాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత "తాతా, పాపం టబ్బులో ఒక్కటే ఎందుకు? మన చెరువులో వదిలేద్దామా? హాయిగా ఉంటుంది కదా" అన్నది.

దానికి జవాబుగా నా మొదటి తప్పు చెప్పవలసి వచ్చింది.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన కాలానికి మలేరియా మళ్లీ విజృంభించి ఉన్నది. ఒక దశలో పోయిందనుకున్న జబ్బు 1976లో దేశమంతటా 64 లక్షల మందికి పైగా సోకింది. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూసిన నాటినుంచి దోమను ఎలా ఆపాలన్నదే ప్రశ్న. డి.డి.టి. చల్లేవారు, రక్తపు పూతలు తీసేవారు. వాటితోపాటు బావులలో గంబూషియా చేపలు వదిలేవారు. ఇది అమెరికా చేప. మన దేశానికి 1928లో వచ్చింది. వేలెడంత కూడా ఉండదు, దోమ పిల్లలను తింటుంది, ఎక్కడైనా బతుకుతుంది. ఎనభైల నడుమ, నేను పనిచేసిన ఒక పల్లెలో మెట్లున్న పెద్ద దిగుడుబావి ఉండేది. నేనే దగ్గరుండి, బక్కెటుతో గంబూషియా చేపలు అందులో పోయించాను. ఊరి పెద్దలు చప్పట్లు కొట్టారు. అంతటి నమ్మకంతో చేసిన పని నా ఉద్యోగ జీవితంలో ఇంకొకటి లేదు.

రెండేళ్ల తరువాత ఆ ఊరికి టీకాల కోసం పోయినప్పుడు బావి పక్క ఇంటి ముసలాయన ఒకరు "ఏమి సామీ, మా బాయిలో ఏమి మందు పోస్తివి? వానొచ్చినా కప్ప కూత లేదే" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రి మాత్రం ఆ మాట వదలలేదు. మరోసారి పోయినప్పుడు మెట్లు దిగి చూశాను. నీటి పైన చేపలు గుంపులు గుంపులుగా. ఏటా ఆ మెట్ల అంచున నల్లగా ముసిరే తోకకప్పలు ఒక్కటీ లేవు. గంబూషియా కప్ప గుడ్లను, పసి తోకకప్పలను తింటుంది, తినలేనంత పెద్దవాటి తోకలు కొరుకుతుంది. ప్రపంచంలో అత్యంత హాని చేసిన నూరు ఆగంతుక జాతుల పట్టికలో ఈ చేప ఉన్నది. అప్పటికి ఇదేమీ నాకు తెలియదు. ఆ బావిలో కప్పలు పోవడానికి ఆ చేప ఒక్కటే కారణమని నేను ప్రమాణం చేయలేను. పొలాల మందులూ ఉన్నాయి, తరువాత బోర్లు పడి బావే ఎండిపోయింది. జ్వరాలు తగ్గినమాట కూడా నిజమే, అందులో డి.డి.టి. పాలెంత, చేప పాలెంత అన్నది విడదీయలేము. అయితే ఒకటి తెలుసు. బక్కెటుతో పోసిన చేపలను తిరిగి బక్కెటులోకి ఎత్తడం నా వల్ల కాలేదు. ఎవరి వల్లా కాదు.

తమాషా ఏమిటంటే, తల మీద వెండి చుక్కతో నీటి పైపొరలోనే తిరిగే చిన్న చేప ఒకటి మన కుంటలలోనే ఉండేది. అదీ దోమ పిల్లలను తింటుంది. దాని వంక మేమెవరమూ చూడలేదు.

ఇదంతా పదేళ్ల పిల్లకు ఫోనులో చెప్పాను. "అయితే తెల్ల కప్ప ఎన్నేళ్లు బతుకుతుంది?" అని అడిగింది. పదిహేనేళ్లు, బాగా చూసుకుంటే ఇరవై దాటవచ్చు అన్నాను. ఆ పిల్ల మనసులో లెక్క వేసుకోవడం నాకు వినబడింది. నేనూ అదే లెక్క వేసుకున్నాను.

ఇక ఇటువంటి తొట్టి పెట్టుకునేవారికి వైద్యునిగా నేను చెప్పవలసినవి. కప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది అబద్ధం, అవి మనుషుల నుంచి మనుషులకు వచ్చే వైరస్ వల్ల. అయితే గోదురుకప్ప కళ్ల వెనుక ఉబ్బెత్తు గ్రంథుల నుంచి కారే పాలలో గుండె మీద పనిచేసే విషం ఉన్నది, మేము గుండె జబ్బుకు ఇచ్చే డిజాక్సిన్‌కు దగ్గరి చుట్టం. పట్టుకున్న చేతితో కన్ను నులుముకోరాదు. దానిని నోట కరచిన కుక్క నురగలు కక్కడం మీరు చూసే ఉంటారు. కప్పలు, తాబేళ్లు సాల్మొనెల్లా క్రిములను మోస్తాయి. తొట్టిలో చేయి పెట్టిన తరువాత సబ్బుతో కడుక్కోవాలి. చేయి పెట్టే ముందు మాత్రం సబ్బు, సానిటైజరు, దోమల క్రీము ఏదీ చేతికి ఉండరాదు, మొదటిది మన కోసం, రెండవది కప్ప కోసం. తొట్టి సామాను వంటింటి సింకులో కడగవద్దు. ఐదేళ్లలోపు పిల్లలను, గర్భిణులను, కేన్సరు మందులు వాడేవారిని ఈ పనికి దూరంగా ఉంచండి.

చేతికి పుండు ఉంటే తొట్టిలో చేయి పెట్టకండి. క్షయ క్రిమికి దాయాది అయిన మైకోబాక్టీరియం మెరైనమ్ అనే క్రిమి ఒకటి చేపలనూ కప్పలనూ మనుషులనూ పట్టుకుంటుంది. 1926లో ఫిలడెల్ఫియాలోని చేపల ప్రదర్శనశాలలో చచ్చిన చేపలలో మొదట గుర్తించారు. వేడి దానికి పడదు గనుక ఊపిరితిత్తుల జోలికి సాధారణంగా పోదు, చల్లగా ఉండే వేళ్లలో, ముంజేతిలో గడ్డలు లేపుతుంది. గాయమైన రెండు మూడు వారాల తరువాత మొదలై, మామూలు మందులకు తగ్గక నెలల తరబడి మానదు. ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి నీడన పెరిగిన మా ప్రాంతంలో క్షయ అంటే దగ్గు, రక్తం మాత్రమే అనుకుంటారు. మానని వేలి గడ్డతో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "మా ఇంట్లో చేపల తొట్టి ఉన్నది" అన్న ఒక్క మాట మీరే చెప్పండి. అడగాలన్న ఆలోచన అందరికీ రాదు.

దోమల సంగతి. గట్టు మీద పూలకుండీ పళ్లెంలో, రాళ్ల సందులో నిలిచిన గరిటెడు నీరు చాలు డెంగీ దోమకు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు. శుక్రవారం డ్రై డే అని ప్రభుత్వం చెప్పేది ఈ లెక్క మీదనే.

కప్పలను ఎక్కడినుంచి తేవాలని మీరు అడగవచ్చు. ఎక్కడినుంచీ తేవద్దు. పొలాలలో కప్పలు తరిగిపోతున్నాయనే 1987లో కప్ప కాళ్ల ఎగుమతిని మన ప్రభుత్వం నిషేధించింది. తొట్టి ఆరుబయట ఉండి, పైకి ఎక్కడానికి రాళ్లు ఉండి, మందులు చల్లకపోతే అవే వస్తాయి. నా తొట్టికి బయటి వైపు కూడా రాళ్లు మెట్లుగా పేర్చాను. చేపలు ఒక వైపు, గట్టు పక్కన రాళ్ల అడ్డుకట్టతో వేరుచేసిన జానెడు లోతు మడుగు మరొక వైపు. గప్పీలు చిన్నవే అయినా పసి తోకకప్పలను వదలవు గనుక మడుగులోకి వాటికి దారి లేదు. మడుగులో చేపలు లేవు గనుక దోమలు గుడ్లు పెడతాయి. రోజూ ఉదయం టీ జల్లెడతో ఆ పురుగులను దేవి ఇవతల గప్పీలకు వేస్తాను. కాఫీకి ముందు నా వ్యాయామం అదే.

నిరుడు ఆశ్వయుజంలో మంచి వాన పడిన రాత్రి మొదట గోదురుకప్ప ఒకటి వచ్చింది. తరువాత నీటి మీద గెంతుకుంటూ పోయే చిన్న కప్పలు రెండు. నాలుగు రోజులకు మడుగులో జిగురు పొరలో నల్లటి చుక్కలు. తోకకప్పలలో సగానికి పైగా తూనీగ పురుగులు తిన్నాయి. పదకొండు మాత్రం కాళ్లు తెచ్చుకొని గట్టెక్కాయి. గోరంత పిల్ల ఒకటి రాతి మీద కూర్చుంటే ఫోటో తీసి బెంగళూరుకు పంపాను. నీటి మీద గెంతే కప్ప పెద్దదైతే ఒకటి రెండు గప్పీలను మింగకపోదు. మింగనీ. అది వాటి మధ్య వ్యవహారం.

తెల్ల కప్ప టబ్బు వరండాలో, ఎండ తగలని చోట ఉన్నది. ఇప్పుడు నా అరచేయంత అయింది. ఎండ దానికి పడదు. ఈ ఏడాది ఏప్రిల్, మే నెలలలో టబ్బు చుట్టూ తడి గోనె చుట్టి, మధ్యాహ్నం రెండుసార్లు తడుపుతూ వచ్చాను. వానపాములు తింటుంది. నన్ను చూస్తే పైకి వస్తుంది, నన్నో వానపామునో చెప్పలేను.

పింఛను పుస్తకం, బీమా కాగితాలు ఉంచే కవరులో ఇటీవల మరొక కాగితం చేర్చాను. వారానికి మూడుసార్లు ఆహారం, నిలవ ఉంచిన నీళ్లు, మూత మీద బరువు, వేసవిలో తడి గోనె, టబ్బు నీళ్లు కాలువలో పోయరాదు, కప్పను చెరువులో గాని బావిలో గాని వదలరాదు. కింద మా అబ్బాయి సంతకం తీసుకున్నాను. ఈ సెలవులలో వచ్చిన మనవరాలు అది చదివి, తండ్రి సంతకం పక్కన తనదీ పెట్టింది.